ఎముకల మూట ఏ ఇంట్లో

ఎముకల మూట ఇంకా అరుగు మీదే ఉంది.

నిన్న సాయంత్రం జాహెదా దాన్ని గుంటూరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. గడప దాటబోతుంటే నాయనమ్మ మస్తాన్‌బీ ద్వారానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఆ పీట ఇప్పటికీ తీయలేదు. మూట మీద కోళ్ళగంప బోర్లించారు. గంప మీద బరువుకని జాహెదా తండ్రి నాగూర్ వలి తన లారీ షెడ్డు నుంచి తెచ్చిన పాత గేరు చక్రం పెట్టాడు. అయినా తెల్లారేసరికి వీధి కుక్క ఒకటి వచ్చి గంప చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఆ కుక్కకున్న ఆదరం మీ అత్తకు లేకపాయెనే అబిదా," అంది ఎదురింటి కోటేశ్వరమ్మ, ఊడుస్తున్న చీపురు ఆపి. "ఇంతకీ అయ్యి ఆడమనిషియ్యా, మగమనిషియ్యా?"

"నాకేం తెలుసు పిన్నీ. సదివేదాన్నడుగు."

"మా ఇంట్లో పెట్టుకోండి అందామంటే మా ఆయనకు పుర్రె మాటెత్తితేనే జొరం వస్తది," అని కోటేశ్వరమ్మ తన పుణ్యం తాను కట్టుకుని లోపలికి పోయింది.

జాహెదా తల్లి అబిదా కుక్కను అదిలించి గంపకు జానెడు దూరంలో నిలబడింది. అంతకంటే దగ్గరికి పోవడానికి కాళ్ళు రాలేదు. అబిదా భయం రెండు రకాలు. ఒకటి, ఆ ఎముకలంటే. రెండోది, ఆ ఎముకలు ఇంట్లోకి రాకపోతే ఏమవుతుందోనని. రెండోదే పెద్దది.

సోమవారం నుంచి జాహెదాకు గుంటూరులో డాక్టరు చదువు మొదలు. హాస్టల్ మాట నాగూర్ వలి మొదటి రోజే కొట్టేశాడు. అక్కడ మెస్సులో మాంసం ఎవరు కోశారో, ఎట్లా కోశారో తెలియదని ఆయన బాధ. ఇక మిగిలినవి రెండే దారులు. పొద్దున్నే మొదటి బస్సెక్కి పోయి, చీకటి పడేలోగా నరసరావుపేట తిరిగిరావడం అబిదా దారి. గుంటూరు ఆనందపేటలో మేనత్త మాబున్నీసా ఇంట్లో ఉండి చదువుకోవడం మిగతా అందరి దారి. ఈ నడుమ ఈ ఎముకలొచ్చి పడ్డాయి. మొదటి ఏడాదంతా ఎముకల్ని చేత్తో పట్టుకుని, తిప్పి చూసుకుంటూ చదవాలట. మాచర్ల వైపు సీనియర్ పిల్ల ఫిలోమినా తన ఎముకల సంచీ తీసి జాహెదాకు ఇచ్చింది.

ఎముకలు ఏ ఇంట్లో ఉంటే పిల్ల ఆ ఇంట్లో ఉంటుంది. ఇంత చిన్న సంగతి అర్థమయ్యేసరికి అబిదాకు రాత్రి నిద్ర కరువైంది.

లోపలికి వచ్చి అత్తగారి ముందు నిలబడింది.

"అత్తా, పీట తియ్యి. మూట లోపల పెడదాం."

మస్తాన్‌బీ తస్బీ పూసలు తిప్పడం ఆపలేదు. "మట్టిలో ఉండాల్సినయ్యి మంచం కింద ఎట్టా ఉంటయ్యే? ఎవుర్నో ఏమో. ఏ తల్లి కన్న బిడ్డో. ఆ మనిషికి నేలలో ఇంత చోటు దొరక్క మన ఇంటికొచ్చిందా?"

"అది చదువత్తా."

"చదువుకోమను. ఈడ నమాజు చదివే ఇల్లిది."

"అయితే రోజూ గుంటూరు పోయొచ్చే పిల్ల రాత్రి ఇంటికొచ్చి ఏం పట్టుకుని చదవాల?"

ముసలామె తల ఎత్తింది. కంటికి పొర కమ్మినా చూపులో పదును తగ్గలేదు. "అందుకేగా మాబూ ఇంటో ఉండమంటన్నా."

అదీ సంగతి, అనుకుంది అబిదా. దొంగ దారి తప్పి ఊళ్ళోకి వచ్చినట్టు మాట దానంతటదే బయటికొచ్చింది. ఎముకలంటే భయమూ కాదు, పాపమూ కాదు. ఎముకల్ని అడ్డం పెట్టి పిల్లను గుంటూరు పంపే ఎత్తు.

అనుమానం అబిదాకు పుట్టింటి సొత్తు. మాచవరంలో వాళ్ళ నాయన సంతలో ఎద్దుని కొనేముందు దాని పళ్ళు మూడుసార్లు చూసేవాడు, అమ్మేవాడి ముఖం నాలుగుసార్లు చూసేవాడు. ఆ కళ్ళే ఈమెవి. వారం రోజులుగా ఒక్కొక్కటే చూసి మనసులో కొంగుముడి వేసుకుంటూ వచ్చింది. అడ్మిషన్ పనికని పోయిన వారం జాహెదా మేనత్త ఇంట్లో నాలుగు రోజులుంది. అక్కడ మాబున్నీసా ముందు గది ఖాళీ చేసి, కిటికీ దగ్గర బల్ల వేయించి, మెడ వంచే దీపం ఒకటి కొనిపెట్టింది. బస్టాండుకు ఎదురొచ్చింది మాబున్నీసా కొడుకు గులాం మొహిద్దీన్. కాలేజీకి తోడు పోయిందీ అతనే. మొహిద్దీన్ కొత్తపేటలో మందుల షాపులో పని చేస్తున్నాడు, రేపో మాపో సొంత షాపు పెడతానంటున్నాడు. మందుల షాపు వాడికి ఇంట్లోనే డాక్టరమ్మ దొరికితే ఇంకేం కావాలి? చీటీ రాసేది పెళ్ళాం, మందు కట్టేది మొగుడు.

అన్నిటికంటే పెద్ద ముడి ఇంకొకటుంది. గుంటూరు నుంచి వచ్చాక జాహెదా నోట "అత్త" అనే మాట రావడం లేదు. పద్దెనిమిదేళ్ళు నోరారా "మా అత్త, మా అత్త" అన్న పిల్ల ఇప్పుడు "ఆమె చెప్పింది," "ఆనందపేటలో అన్నారు" అంటూ మాట తప్పిస్తోంది. కాబోయే అత్తగారిని పేరు పెట్టలేక, వరస కలపలేక ఆడపిల్లలు అట్లాగే మెలికలు తిరుగుతారు. అబిదా తనూ ఒకప్పుడు తిరిగింది కనుక ఆ మెలిక తెలుసు.

జాహెదా పెరట్లో పళ్ళు తోముకుంటోంది. అబిదా వెళ్ళి పక్కన నిలబడింది.

"ఏమే, మీ మేనత్త ఈ మద్దేనం వస్తందంట. నీకు ముందే తెలుసా?"

"ఊ."

"ఎందుకొస్తన్నట్టు?"

"నాన్న రమ్మన్నాడంట."

"మీ అత్త నీతో ఏమన్నా చెప్పిందా?"

జాహెదా నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించింది. ఆ పుక్కిలింత ఎంతకీ తెమల్లేదు. అబిదా కాచుకుని నిలబడింది. చివరికి పిల్ల ఉమ్మి, మూతి తుడుచుకుని, "నాకు బస్సులో చదవడం రాదమ్మా, తల తిరుగుద్ది," అంది.

అడిగినదానికి అది జవాబు కాదు. ఇంకేదో ప్రశ్నకు జవాబు.

నాగూర్ వలి జుమ్మా నమాజుకు పోబోతూ చేతులకున్న గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుంటున్నాడు. పల్నాడు రోడ్డులో ఆయన షెడ్డు. లారీ ఇంజను శబ్దం విని రోగం చెప్పగలడుగానీ పెళ్ళాం గొంతు మారిందని మాత్రం ఏనాడూ కనిపెట్టలేదు.

"మీ అక్కను ఎందుకు రమ్మన్నావయ్యా?"

"మాట తేల్చుకోడానికి. సోమారం కాలేజీ. ఇయ్యాల శుక్రారం."

"తేల్చేదేముంది. నేను చెప్పాగా, రోజూ పోయొస్తదని."

"నువ్వు చెప్పావు. ఎనిమిదింటికి పిల్ల శవాల హాల్లో ఉండాలంట. ఫిరంగిపురం కాడ బస్సు పంచరైతే ఎవురొచ్చి మార్చాల, నేనా?" తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "అక్క ఇల్లు కాలేజీకి నడిచిపోయేంత దూరం. సొంత మనిషి. ఏందే నీ బాధ?"

"సొంత మనిషి కాబట్టే."

"అంటే?"

అబిదా చెప్పలేదు. చెబితే ఆయన నవ్వుతాడని కాదు. "చేసుకుంటే మాత్రం తప్పేంది?" అంటాడేమోనని. అప్పుడు ఇక తను ఒంటరిదై పోతుంది.

ఆయన వెళ్ళాక అబిదా ఒక నిర్ణయానికి వచ్చింది. మాబున్నీసా వచ్చేలోగా మూట ఇంట్లో ఉండాలి. తన చేత్తోనే లోపలికి తెచ్చి, తన మంచం కిందే పెట్టుకుంటే అత్తగారు తనను దాటి ఏం చేస్తుంది? బిస్మిల్లా అనుకుని అరుగు మీదికొచ్చింది. గేరు చక్రం దించింది. గంప తీసింది. ముతక గోనెసంచీ, మూతికి సుతిలి తాడు. పట్టుకోబోతే లోపల ఏదో ఒకటి ఇంకొకదాని మీద జారి చిన్న చప్పుడైంది. అబిదా చెయ్యి వెనక్కి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే రిక్షా ఆగింది.

మాబున్నీసా దిగింది. నాగూర్ వలికి అక్క, మనిషి పొడవు, మాట పొట్టి. భర్త జాన్ సాహెబ్ పోయి ఏడాదైంది. నల్ల బురఖా ముఖం మీంచి తలపైకి వేసుకుని, ఒకసారి అబిదాను, ఒకసారి మూటను చూసింది.

"ఇదేనా?"

"ఇదే వదినా."

మాబున్నీసా వంగి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు మూటను రెండు చేతులా ఎత్తి గుండెకానించుకుంది. గడప దగ్గరికి నడిచింది. "అమ్మా, పీట జరుపు," అంది.

మస్తాన్‌బీ పీట జరిపింది.

నిన్న సాయంత్రం నుంచి కొడుకు చెప్పినా, కోడలు చెప్పినా, మనవరాలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా జరగని పీట, ఒక్క మాటకు జరిగింది. మూట వెళ్ళి మస్తాన్‌బీ మంచం కిందే కూర్చుంది. ముసలామె తస్బీ అందుకుని గోడ వైపు తిరిగింది.

అబిదాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాబున్నీసా ఎలాంటి మనిషి? ఇంట్లో కాకి ఈక పడితే మూడుసార్లు కడిగించే మనిషి. చెప్పులు వాకిట్లో వదిలినా బోర్లా పడితే ఒప్పుకోని మనిషి. అలాంటి మనిషి ఎవరివో తెలియని ఎముకల్ని గుండెకు హత్తుకుందంటే ఊరికే హత్తుకుంటుందా? కోడలు మీద ఎంత ఆశ ఉంటే అత్త ఇంత పని చేస్తుంది?

నమాజు నుంచి నాగూర్ వలి వచ్చాక అన్నాలు పెట్టారు. గోంగూర మాంసం, పచ్చి ఉల్లిపాయ. మాబున్నీసా తన పళ్ళెంలో ముక్క తీసి జాహెదా పళ్ళెంలో వేసింది. మూలుగు ముక్క. జాహెదా వద్దనలేదు.

అబిదా అది కూడా ముడి వేసుకుంది.

"అక్కా, నేను ఒక్కటే చెప్తా," అన్నాడు నాగూర్ వలి చెయ్యి కడుక్కుంటూ. "పిల్లను నీకప్పగిస్తా. ఆదివారం దించిపోతా. ఖర్చు మాత్రం నాది, నువ్వు కాదనకూడదు."

"నేనేం అడిగానా నిన్ను ఖర్చు?"

"అడగలా. అందుకే చెప్తన్నా."

"నేనింకా ఒప్పుకోలా," అంది అబిదా.

గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. జాహెదా ఎంగిలి పళ్ళేలు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అబిదా," అంది మాబున్నీసా నెమ్మదిగా. "నీ బాధేందో చెప్పు. లోపల పెట్టుకుని కూరలో ఉప్పెక్కువెయ్యడం దేనికి?"

కూరలో నిజంగానే ఉప్పెక్కువైంది. అది ఎవరూ అనకపోతే బాగుండేది.

"చెప్పమంటారా?"

"చెప్పు."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతా ఎవురూ చూడట్లేదనుకుంటదంట. నేను చూస్తన్నా వదినా. గది ఖాళీ చేసింది చూస్తన్నా. దీపం కొన్నది చూస్తన్నా. మొహిద్దీన్ షాపు మానుకుని బస్టాండుల్లో కాపలా కాసేది చూస్తన్నా. ఇయ్యాల మా అత్త పీట జరిపింది కూడా చూశా. నా పిల్ల డాక్టరయ్యేదాకా మీ ఇంటో పెట్టుకుని, అయినాక మీ కొడుక్కు చేసుకోవాలనేగా ఇదంతా? నేరుగా అడిగితే పోయేదిగా. దీనికి ఆ ఎముకల మీద ఇంత ప్రేమ దేనికి?"

నాగూర్ వలి "ఏమే," అన్నాడు. ఆపైన ఏమనాలో తోచక తువ్వాలు వెతుక్కున్నాడు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది.

మాబున్నీసా కోప్పడలేదు. కోప్పడితే అబిదాకు ధైర్యంగా ఉండేది. ఆమె తన తల్లి వైపు చూసింది. మస్తాన్‌బీ చేతిలో తస్బీ ఆగిపోయింది.

"మొహిద్దీన్‌కి జాహెదా పనికిరాదు," అంది మాబున్నీసా.

అబిదాకు ముందు అవమానం వేసింది. పిల్లనివ్వకూడదని తను గింజుకుంటుంటే, వద్దనే హక్కు అవతలివాళ్ళు లాగేసుకున్నారు. "పనికిరాకపోవడమేంది? నా పిల్లకేం తక్కువ?"

"తక్కువ కాదు. హరామ్. జాహెదా నా పాలు తాగింది."

వీధిలో సోడాబండి గంట మోగించుకుంటూ పోయింది.

"ఎప్పుడు?" అంది అబిదా.

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు. నువ్వు మాచవరం నుంచి పిల్లను తీసుకుని కొత్తగా వచ్చావు. నేను పురిటికి ఇక్కడే ఉన్నా. నా పిల్ల పోయి వారం కూడా కాలా."

అబిదాకు ఆ పిల్ల గుర్తుంది. నలభై రోజులు కూడా నిండని పిల్ల. పేరు పెట్టిన సంబరం తీరకముందే పోయింది. ఆ రోజుల్లోనే అబిదా ఒళ్ళెరగని జ్వరంతో మంచం పట్టింది. నీ పాలు పిల్లకు పట్టొద్దని డాక్టరు చెప్పాడు. లేచి కూర్చునేసరికి నెల దాటింది. అప్పుడు అత్తగారు పెరట్లో కట్టేసిన మేకను చూపించి, ఇదిగో దీని పాలే నీ బిడ్డను బతికించినయ్యి, అంది.

"మేకపాలు పట్టామన్నారు," అంది అబిదా.

"మేకపాలు పిల్లకు పడలా. వాంతులు. రెండు రోజులు చూశాం." మాబున్నీసా నేల వైపు చూస్తూ చెప్పింది. "పక్క గదిలో అది ఏడుస్తంటే నాకు పైట తడిసిపోయేది. నా పిల్లకొచ్చిన పాలు. అమ్మే తెచ్చి నా ఒళ్ళో వేసింది."

అబిదా అత్తగారి వైపు తిరిగింది. "అత్తా?"

మస్తాన్‌బీ గోడతో మాట్లాడినట్టు అంది. "నువ్వు ఒప్పుకోవనుకున్నా. బిడ్డ చచ్చినదాని పాలు పడితే నా బిడ్డకు కీడంటావనుకున్నా. మీ అమ్మ అట్టాంటియ్యి చానా పట్టించుకునేది."

"మరి బతికినాక? పద్దెనిమిదేళ్ళు?"

"జాన్ సాహెబ్‌ని అడక్కుండా ఇచ్చా," అంది మాబున్నీసా. "మొగుణ్ణి అడక్కుండా ఇంకొకరి బిడ్డకు పాలియ్యకూడదు. నా పిల్ల పోయిందని ఆయన అప్పటికే నా మీద మండిపడతన్నాడు. తెలిస్తే తలాక్ అనేవాడే. ఆయన బతికున్నన్నాళ్ళు నోరు మెదపలా. ఇప్పుడాయన లేడు. పిల్లలు ఎదిగారు. పాల వరస దాచిపెడితే పాపం నా మెడకే చుట్టుకుంటది. ఇది చెప్పడానికే వచ్చా ఇయ్యాల. ఒక్క గుక్క తాగినా తల్లే గదా మనలో. అది నెల రోజులు తాగింది."

నాగూర్ వలి గోడకు చేరగిలబడ్డాడు. "నేనప్పుడు మాచర్ల లైన్లో లారీ మీదున్నా," అన్నాడు, ఎవరో తనను నేరం అడిగినట్టు. కాసేపటికి ఆయన ముఖం విప్పారింది. "అయితే ఇంకేందే? మొహిద్దీన్ దానికి అన్నవుతాడు. నీ అనుమానం కడిగేసినట్టు పోయింది. ఇంతకంటే భద్రమైన ఇల్లు యాడుంది పిల్లకు?"

పోయిన అనుమానం పోయింది. దాని చోట్లోకి వచ్చినదేమిటో ఆయనకు కనపడలేదు.

అబిదాకు ఆ మేక గుర్తొచ్చింది. తెల్లటి మేక, ఒక చెవి నల్లది. పాలు ఎండిపోయాక కసాయికి అమ్ముదామని నాగూర్ వలి అంటే అబిదా తాడు పట్టుకుని ఏడ్చింది. నా బిడ్డకు పాలిచ్చిన తల్లి, దాన్ని కోస్తే నా గొంతు కోసినట్టేనంది. రోజూ అవిసాకు తెచ్చి తన చేత్తో మేపింది. పండక్కి మెడలో గంట కట్టింది. అది ముసలిదై దానంతటది చచ్చిపోతే పెరట్లో గుంట తీయించి పూడ్చిపెట్టింది. అన్నేళ్ళూ మస్తాన్‌బీ చూస్తూ ఊరుకుంది. పండగలకు వచ్చినప్పుడు మాబున్నీసా కూడా ఆ గంట చప్పుడు విని ఊరుకుంది. తను మొక్కాల్సిన చోట మొక్కకుండా మేకకు మొక్కుతుంటే వీళ్ళిద్దరూ చూశారు.

జ్వరంలో వినపడిన చప్పుళ్ళు కూడా ఇప్పుడు తిరిగొచ్చాయి. పిల్ల ఏడుపు, తలుపు వేసిన చప్పుడు, వెంటనే నిశ్శబ్దం. మేకపాలు నా తల్లికి ఎంత బాగా పడ్డాయో అని ఆ జ్వరంలోనే సంతోషపడింది. అబద్ధమైతే బాగుండునని అబిదా ఎంత వెతికినా, ఆ తలుపు చప్పుడు నిజమేనంటోంది.

కోడలిగా అడిగితే ఇవ్వనని చెప్పొచ్చు. వారం రోజులుగా దానికి జవాబులు కూడబెట్టుకుంది. కూతురిగా అడిగితే ఏం చెప్పాలో ఒక్కటీ సిద్ధంగా లేదు.

"నాకు ఆడపిల్ల లేదు అబిదా," అంది మాబున్నీసా. "నీ దగ్గర్నుంచి లాక్కోడానికి రాలా. అయిదేళ్ళు అన్నం పెట్టనియ్యి. అంతే."

మాట మెత్తగా ఉంది. మెత్తగా ఉన్నందుకే అబిదాకు భయమేసింది. మొదటి ఏడాది, తల్లీ, స్నానానికి నీళ్ళు కాగాయి, అంటుంది మాబున్నీసా. రెండో ఏడాది ఆదివారం పరీక్షలున్నాయి, రాలేనమ్మా, అంటుంది పిల్ల. మూడో ఏడాదికి నరసరావుపేట చుట్టాల ఊరైపోతుంది.

జాహెదా వైపు చూసింది. పిల్ల పళ్ళేలు పట్టుకుని గుమ్మంలో అలాగే ఉంది. ఇంత మాట విన్న పిల్ల ముఖంలో ఉండాల్సిన ఆశ్చర్యం అక్కడ లేదు. తల్లి ఏమంటుందోనన్న బెదురు మాత్రం ఉంది.

"నీకు తెలుసు," అంది అబిదా.

జాహెదా తల దించుకుంది.

"మీ అమ్మకంటే ముందు నీకు చెప్పిందా ఈమె?"

"నేనే అడిగానమ్మా. నామీద ఇంత ప్రేమేందని అడిగితే..."

"నాలుగు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగావు. పొద్దున అడిగితే నోట్లో నీళ్ళు పోసుకున్నావు."

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడేం చేస్తన్నానే?"

అబిదా లేచింది. మస్తాన్‌బీ మంచం దగ్గరికి పోయి వంగి, రెండు చేతులతో ఎముకల మూటను లాగింది. లోపల ఎముకలు ఒకదాని మీదొకటి దొర్లాయి. ఈసారి చెయ్యి వదల్లేదు. గుండెకానించుకోవడం ఆమెకు చేతకాలేదు. ఈడ్చుకుంటూనే పోయి తన గదిలో తన మంచం కిందికి తోసింది. ముట్టుకున్నాక తెలిసింది, అవి అనుకున్నంత బరువు లేవు.

బయటికొచ్చి అందరి ముందూ చెప్పింది.

"మూట ఈడనే ఉంటది. నా మంచం కింద. పిల్ల పొద్దున బస్సుకు పోద్ది, సాయంత్రం బస్సుకొస్తది. రాత్రి నా గదిలో కూర్చుని చదువుద్ది. తల తిరిగితే నేను పొద్దున్నే నిమ్మకాయ కోసిస్తా. అత్తా, నీకు ఎముకలున్న ఇంట్లో నమాజు కుదరదంటే చెప్పు, అరుగు మీద చాప వేస్తా."

మస్తాన్‌బీ తస్బీ ఒళ్ళోకి లాక్కుంది. ముందు రోజు గడపకు అడ్డం పడ్డ మనిషి ఇవాళ కళ్ళెత్తలేకపోయింది. పద్దెనిమిదేళ్ళ అప్పు ముందు ఆ పీటకు ఇక బలం లేదు.

"ఏమే, ఆలోచించుకుని..." అన్నాడు నాగూర్ వలి.

"ఆలోచించా."

ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి పోయింది. ఆయన అక్క వైపు చూశాడు. మాబున్నీసా కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే," అంది. "తల్లి ఎట్టా అంటే అట్టనే."

ఎవరి గురించి అందో అబిదా అడగదలచుకోలేదు. గెలిచింది.

ఎండ వాలాక మాబున్నీసా ప్రయాణమైంది. ఉత్త చేతులతో వచ్చిన మనిషి ఉత్త చేతులతోనే లేచింది. తల్లి దగ్గర కూర్చుని ఏదో మాట్లాడింది, బురఖా దులుపుకుంది, మంచినీళ్ళు తాగింది. నాగూర్ వలి రిక్షా కోసం వీధి మొగకు పోయాడు.

అబిదా తన గదిలో మంచం మీద కూర్చుంది. కాళ్ళ కింద మూట ఉంది. మడమ వెనక్కి జరిపితే గోనె తగులుతోంది. తగలనిచ్చింది. భయం పోయింది. ఈ గదిలో దీపం ఎక్కడ పెట్టాలా అని చూసుకుంది. మెడ వంచేది కాకపోయినా, నాగూర్ వలి షెడ్డులో ఇంజను కింద పెట్టుకునే బల్బు ఒకటుంది, దాన్ని మేకుకు తగిలిస్తే సరిపోతుంది. పొద్దున టిఫిను ఏం కట్టాలో కూడా ఆలోచించుకుంది. బిడ్డ తనదే, తన ఇంట్లోనే ఉంటుంది. ఎవరి పాలు ఎవరు తాగితేనేం, కన్నది తను.

అరుగు మీద చెప్పుల చప్పుడైంది. రిక్షా గంట మోగింది.

"అమ్మా," అని పిలిచింది జాహెదా వాకిట్లోంచి. "రా, బస్సు టైమైంది."

అబిదా మంచం మీంచి లేచి, "వస్తన్నా," అనబోయింది. నోరు తెరిచింది కూడా.

ముందు గదిలోంచి మాబున్నీసా పలికింది.

"వస్తన్నా తల్లీ."